కరెంటు బిల్లు చదవడం ఎలా: యూనిట్ల లెక్క, స్లాబుల మలుపు, చిల్లర చార్జీల సంగతి

కరెంటు బిల్లు మీద చాలామంది చూసేది రెండే: కట్టాల్సిన మొత్తం, ఆఖరు తేదీ. మధ్యలో ఉన్న ఇరవై లైన్ల జోలికి ఎవరూ పోరు. అసలు కథంతా ఆ లైన్లలోనే ఉంటుంది.

హైదరాబాదులో మూడు కిలోవాట్ల లోడున్న ఇంటికి నెలకు 230 యూనిట్లు కాలితే బిల్లు దాదాపు 1,395 రూపాయలు. అదే ఇంట్లో 200 దగ్గర ఆపగలిగితే 952. అంటే ఆ చివరి 30 యూనిట్లకు 443 రూపాయలు పడ్డాయి, యూనిట్‌కు దాదాపు 15 రూపాయలు. ఇళ్ల టారిఫ్ (రేట్ల) పట్టికలో ఎంత వెతికినా 10 రూపాయలు దాటిన రేటు కనబడదు. మరి 15 ఎలా అయింది? ఇది అర్థమైతే మీ బిల్లు సగం అర్థమైనట్టే. ఎన్ని యూనిట్లు కాల్చామన్నది ఎంత ముఖ్యమో, ఆఖరి యూనిట్ రేటు మారే ఏ గీత దాటిందన్నదీ అంతే ముఖ్యం.

ఇందులోని లెక్కలన్నీ ఇళ్ల కనెక్షన్లకు, అంటే ఎల్టీ (లో టెన్షన్) కేటగిరీ-1కు సంబంధించినవి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాల్లోనూ 2022 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన యూనిట్ రేట్లే ఇక్కడ వాడుతున్నాను. ఆ తర్వాతి ఆర్డర్లలోనూ ఇవే కొనసాగుతూ వచ్చాయి. ఏటా కొత్త టారిఫ్ ఆర్డరు వస్తుంది కాబట్టి, మీ లెక్క వేసుకునేముందు మీ డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వెబ్‌సైట్లో ఆ ఏటి పట్టిక ఒకసారి సరిచూసుకోండి. రేటు మారినా లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

1. ముందు తేదీలు, రీడింగులు చూడండి

బిల్లు చేతికి రాగానే ఫోనుతో ఒక ఫొటో తీసిపెట్టుకోండి. స్పాట్ బిల్లింగ్ మిషన్లో వచ్చే కాగితం థర్మల్ పేపరు. వంటింటి గోడకు తగిలిస్తే కొన్ని నెలలకే అక్షరాలు మాసిపోతాయి. రేపు ఏదైనా తేడా వచ్చి పాత బిల్లు చూపించమంటే మీ చేతిలో తెల్ల కాగితం మిగులుతుంది.

పై భాగంలో సర్వీసు నంబరు, కేటగిరీ, ఫేజు, కాంట్రాక్టెడ్ లోడు (కనెక్షన్‌కు మంజూరైన కిలోవాట్లు) ఉంటాయి. వాటి కింద పోయిన నెల రీడింగు, ఈ నెల రీడింగు, రెండింటి తేదీలు. రెండు రీడింగుల తేడాయే మీరు వాడిన యూనిట్లు. ఇక్కడ మూడు సంగతులు చూడాలి.

మొదటిది, కేటగిరీ. ఇంటికి 1 ఉండాలి. కింద ఒకప్పుడు కొట్టు నడిపి ఇప్పుడు మూసేసిన ఇళ్లకు కేటగిరీ 2 (కమర్షియల్) అలాగే ఉండిపోవడం మామూలే. కొట్టు తీసేశాక కేటగిరీ మార్చమని దరఖాస్తు పెట్టకపోతే దానంతట అది మారదు.

రెండోది, రెండు రీడింగుల మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టండి. 30 రోజులకు రావాల్సినవారు 35 రోజులకు వస్తే యూనిట్లు పెరుగుతాయి. మొత్తం యూనిట్లను రోజులతో భాగిస్తే రోజుకు ఎంత కాలిందో తెలుస్తుంది. పోయిన నెలతో పోల్చాల్సింది దాన్నే. రోజువారీ వాడకం పెరగకుండా, కేవలం రోజులు పెరగడం వల్ల గీత దాటిందనుకుంటే, స్లాబులను, అంటే రేటు మారే మెట్లను, రోజుల ప్రకారం సర్దారా లేదా అని ఈఆర్వో (డిస్కం బిల్లుల విభాగం) ఆఫీసులో అడగండి. గీతకు అటూ ఇటూ ఉన్న ఇళ్లకు ఇది చాలా ముఖ్యం, ఎందుకో తర్వాతి మెట్టులో చూద్దాం.

మూడోది, మీటరు స్టేటస్. రీడింగుకు వచ్చినప్పుడు తాళం ఉంటే డోర్ లాక్ అని, మీటరు తిరగకపోతే స్టకప్ అని రాసి పాత వాడకం సగటు మీద బిల్లు వేస్తారు. డోర్ లాక్ బిల్లయితే తర్వాత అసలు రీడింగు తీసినప్పుడు సర్దుబాటు కావాలి. అప్పుడు రెండు నెలల యూనిట్లూ ఒకే నెలలో పడి పై స్లాబుకు పోలేదు కదా అన్నది తప్పకుండా చూడాలి.

చివరగా ఒకసారి మీటరు దగ్గరకు వెళ్లండి. ఎలక్ట్రానిక్ మీటర్లో తెర మారుతూ ఉంటుంది: తేదీ, టైము, యూనిట్లు, గరిష్ఠ డిమాండు, ఇలా ఒకటి తర్వాత ఒకటి వస్తాయి. కేడబ్ల్యూహెచ్ అని చూపించే అంకె మన యూనిట్లు. దాదాపు అంతే ఉండే కేవీఏహెచ్ అంకె కూడా కొన్నింట్లో వస్తుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు. బిల్లులో ఉన్న ‘ఈ నెల రీడింగు’ కన్నా మీటరు అంకె కాస్త ఎక్కువ ఉండాలి. తక్కువ ఉంటే మాత్రం ఆ నిమిషమే ఫొటో తీసి ఫిర్యాదు చేయాల్సిన సంగతి.

2. తెలంగాణ స్లాబులు: అసలు మలుపు ఇక్కడే

తెలంగాణలో ఇళ్ల వినియోగదారులను నెల వాడకాన్ని బట్టి మూడు గుంపులు చేశారు. గుంపు మారితే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది.

నెలకు 100 యూనిట్లలోపు వాడేవారికి:
0–50 యూనిట్లు: రూ. 1.95
51–100 యూనిట్లు: రూ. 3.10

100 దాటి 200 లోపు వాడేవారికి:
0–100 యూనిట్లు: రూ. 3.40
101–200 యూనిట్లు: రూ. 4.80

200 దాటినవారికి:
0–200 యూనిట్లు: రూ. 5.10
201–300 యూనిట్లు: రూ. 7.70
301–400 యూనిట్లు: రూ. 9.00
401–800 యూనిట్లు: రూ. 9.50
800 పైన: రూ. 10.00

సరిగ్గా 100 యూనిట్లు కాలిస్తే ఎనర్జీ చార్జీ 252 రూపాయల 50 పైసలు. 101 కాలిస్తే మొదటి వందకే 3.40 చొప్పున 340, ఆ ఒక్క యూనిట్‌కు 4.80, మొత్తం 344.80. ఒక్క యూనిట్ 92 రూపాయలు తెచ్చింది. 200 దగ్గర దెబ్బ ఇంకా పెద్దది. 200కు 820 రూపాయలు, 201కి 1,027.70. పైగా కస్టమర్ చార్జీ కూడా పెరుగుతుంది కాబట్టి ఆ ఒక్క యూనిట్ ఖరీదు దాదాపు 218 రూపాయలు.

పైన చెప్పిన 15 రూపాయల చిక్కుముడి ఇదే. 230లో చివరి 30 యూనిట్లు తమ రేటు 7.70తోనే రావు, వెనకున్న 200 యూనిట్ల రేటునూ పైకి లాగేస్తాయి. 300, 400 గీతల దగ్గర మాత్రం ఈ బాధ లేదు. అక్కడ దాటిన యూనిట్లకే కొత్త రేటు. కాబట్టి తెలంగాణలో కాపలా కాయాల్సిన గీతలు 100, 200. ఎలాగూ 320 కాల్చే ఇల్లు 300కు దిగడానికి పెద్దగా తంటాలు పడనక్కర్లేదు. 210 కాల్చే ఇల్లు మాత్రం పది యూనిట్ల కోసం తప్పకుండా తంటాలు పడాలి.

గృహజ్యోతి పథకం కింద ఉన్న కుటుంబాలకు 200 గీత ఇంకా గట్టిది. 2024లో మొదలైన ఈ పథకంలో అర్హులకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు. దాటితే ఆ నెల మొత్తం బిల్లూ కట్టాలి, పైన ఉన్న ఒక్క యూనిట్‌కు కాదు. మూడు కిలోవాట్ల లోడున్న ఇంట్లో 201 యూనిట్లు కాలితే సుమారు 1,170 రూపాయలు. 200కు సున్నా.

ఒకే మీటరు మీద రెండు మూడు వాటాలు నడిచే ఇళ్లలోనూ ఇదే లెక్క దెబ్బ తీస్తుంది. ఒక్కో వాటాలో 90 యూనిట్లు కాలుతాయనుకోండి. విడి మీటర్లుంటే ఒక్కొక్కరికి ఎనర్జీ చార్జీ 221.50, ముగ్గురికీ కలిపి 664.50. అవే 270 యూనిట్లు ఒకే మీటరులో తిరిగితే 1,559. విడిగా వంటిల్లు, విడిగా గుమ్మం ఉన్న వాటాకు విడి సర్వీసు కోసం మీ ప్రాంతపు కరెంటు ఆఫీసులో, అంటే సెక్షన్ ఆఫీసులో అడగవచ్చు. డెవలప్‌మెంట్ చార్జీలు, డిపాజిట్టు, వైరింగు ఖర్చు ఒకసారి పడతాయి. తర్వాత ప్రతి నెలా ఆదా. యజమానులు సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు ఎనిమిదో పదో చొప్పున వసూలు చేసే చోట అద్దెకుండేవారు ఈ లెక్క ముందుపెట్టి మాట్లాడుకోవడం మంచిది.

3. ఆంధ్రప్రదేశ్ స్లాబులు: ఒక్కో మెట్టుకు ఒక్కో రేటు

ఏపీలో ఒకప్పుడు ఎ, బి, సి గ్రూపులుండేవి. 2022 ఏప్రిల్ నుంచి అవి పోయి అందరికీ ఒకటే పట్టిక వచ్చింది:

0–30 యూనిట్లు: రూ. 1.90
31–75 యూనిట్లు: రూ. 3.00
76–125 యూనిట్లు: రూ. 4.50
126–225 యూనిట్లు: రూ. 6.00
226–400 యూనిట్లు: రూ. 8.75
400 పైన: రూ. 9.75

ఇక్కడ గీత దాటినా వెనకటి యూనిట్ల రేటు మారదు. నెలకు 230 కాలిస్తే: 30 × 1.90 = 57, 45 × 3 = 135, 50 × 4.50 = 225, 100 × 6 = 600, మిగిలిన 5 × 8.75 = 43.75. మొత్తం 1,060.75. అవే 230కి తెలంగాణలో 1,251. 200 యూనిట్లకు చూస్తే తెలంగాణలో 820, ఏపీలో 867. వంద యూనిట్ల ఇంటికి తెలంగాణలో 252.50, ఏపీలో 304.50. ‘ఏ రాష్ట్రంలో కరెంటు చవక’ అని వాట్సాప్‌లో కొట్టుకునేవాళ్లు ఎన్ని యూనిట్ల దగ్గర అన్నది చెప్పకుండా కొట్టుకుంటే ఎవరికీ ఏమీ తేలదు. పైగా ఇవి ఎనర్జీ చార్జీలు మాత్రమే. ఏపీ బిల్లులో అసలు వాదన వీటి కింద ఉన్న లైన్ల మీద.

ఏపీలో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు నిబంధనల మేరకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితం ఉంది. ఆ పరిధిలోకి వచ్చేవారు తమ సర్వీసు దానికి నమోదై ఉందా అని సెక్షన్ ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి.

4. ఎనర్జీ చార్జీ కింద ఉన్న లైన్లు

ఫిక్స్‌డ్ చార్జీ: మామూలు ఇళ్లకు కిలోవాట్‌కు నెలకు 10 రూపాయలు. ఇల్లు మూసి ఊరెళ్లినా పడుతుంది. కాంట్రాక్టెడ్ లోడు మూడు కిలోవాట్లయితే 30. చాలామంది లోడు తగ్గించుకుంటే బిల్లు తగ్గుతుందనుకుంటారు. ఆ తగ్గేది పదీ ఇరవై. అంతకన్నా చూడాల్సింది ఆర్ఎండీ అనే అంకె. ఆ నెలలో ఒకేసారి మీ ఇల్లు లాగిన గరిష్ఠ లోడు అది. ఒక కిలోవాట్ కనెక్షన్ తీసుకుని తర్వాత ఏసీ, గీజరు పెట్టిన ఇళ్లలో ఇది 3 దాటుతుంది. అప్పుడు అదనపు లోడును క్రమబద్ధం చేసుకోమని, డెవలప్‌మెంట్ చార్జీలు కట్టమని నోటీసు వస్తుంది. గీజరు, మోటరు, ఐరన్ బాక్సు ఒకేసారి వేయకుండా చూసుకుంటే ఆర్ఎండీ తగ్గుతుంది, యూనిట్లు మాత్రం తగ్గవు. ఈ రెండూ వేర్వేరు.

కస్టమర్ చార్జీ: మీటరు రీడింగు, బిల్లింగు ఖర్చుల కింద తీసుకునేది. తెలంగాణలో ఇదీ వాడకాన్ని బట్టి పెరుగుతుంది: 50 యూనిట్ల దాకా 40 రూపాయలు, 100 దాకా 70, 200 దాకా 90, 300 దాకా 100, ఆ పైన ఇంకా ఎక్కువ. 40 యూనిట్లు కాల్చే పేదింటికి ఎనర్జీ చార్జీ 78 రూపాయలైతే కస్టమర్ చార్జీ 40. చిన్న బిల్లులు చిన్నవిగా కనిపించకపోవడానికి కారణం ఇదే.

ఎలక్ట్రిసిటీ డ్యూటీ: ఇళ్లకు యూనిట్‌కు 6 పైసలు. ఇది డిస్కంకు కాదు, రాష్ట్ర ప్రభుత్వానికి వెళ్తుంది. కరెంటు మీద జీఎస్టీ లేదు.

ట్రూఅప్, ఎఫ్‌పీపీసీఏ (ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చుల సర్దుబాటు): ఏపీ వినియోగదారులకు తల తిరిగేది వీటి దగ్గరే. ఏడాది మొదట్లో డిస్కంలు ‘కరెంటు ఇంతకు కొంటాం’ అని వేసిన అంచనాకు, నిజంగా అయిన ఖర్చుకు తేడా వస్తుంది. బొగ్గు ధర పెరిగిందనో, ఎండాకాలం విద్యుత్ ఎక్స్ఛేంజీలో ఎక్కువ పెట్టి కొన్నామనో ఆ తేడాను తర్వాత మన దగ్గర రాబడతారు. ఏపీలో యూనిట్‌కు 40 పైసల దాకా నెలనెలా విద్యుత్ నియంత్రణ కమిషన్ దగ్గరకు వెళ్లకుండానే వేసే వీలు ఉంది, ఇదే ఎఫ్‌పీపీసీఏ. అంతకు మించిన తేడాను ఏడాది చివర కమిషన్ తేలుస్తుంది. దాన్ని ట్రూఅప్ పేరుతో వాయిదాల్లో బిల్లుకు కలుపుతారు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఒక నెల వాడకానికి సంబంధించిన సర్దుబాటు రెండు నెలల తర్వాతి బిల్లులో వస్తుంది. అందుకే ఈ నెల యూనిట్లను 40 పైసలతో గుణిస్తే బిల్లులో ఉన్న అంకె రాదు. రెండు నెలల కిందటి యూనిట్లతో గుణించి చూడండి. పాత ఏళ్ల ట్రూఅప్ అయితే ఆ ఏళ్లలో అదే సర్వీసు మీద కాలిన యూనిట్ల మీద లెక్క కడతారు. పాత అద్దెదారు ఏసీ వేసుకుంటే కొత్తగా దిగినవాళ్ల బిల్లులో అది తేలుతుంది. ఇది సర్వీసుకు వేసే చార్జీ, మనిషికి కాదు. ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు ‘పాత ట్రూఅప్ ఎవరు భరిస్తారు’ అన్నది ముందే మాట్లాడుకోవడం మేలు. ఖర్చు అంచనా కన్నా తక్కువైతే తిరిగి ఇవ్వాల్సిందే, దాన్ని ట్రూడౌన్ అంటారు. బిల్లులో మైనస్ గుర్తుతో వస్తుంది.

ఏసీడీ: ఏడాదికోసారి, ఎక్కువగా ఎండాకాలం ముందో మధ్యలోనో వచ్చి టెన్షన్ పెట్టే నోటీసు. అదనపు డిపాజిట్ అన్నమాట. మీ రెండు నెలల సగటు బిల్లుకు సరిపడా డిపాజిట్టు డిస్కం దగ్గర ఉండాలన్నది నియమం. వాడకం పెరిగితే ఆ మేరకు కట్టమంటారు. ఇది ఖర్చు కాదు, మీ సొమ్మే. దీనిమీద రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటు ప్రకారం వడ్డీ ఇవ్వాలి, ఏడాదికోసారి బిల్లులో జమ చేస్తారు. ఆ జమ పడిందో లేదో చూసేవాళ్లు తక్కువ. మీరు చూడండి.

ఇవి కాక పాత బకాయి, ఆలస్య రుసుము, పైసలను రూపాయికి సరిచేసే లైన్ ఉంటాయి. వాటికి వివరణ అక్కర్లేదు.

ఇప్పుడు 230 యూనిట్ల తెలంగాణ బిల్లును కాగితం మీద వేసి చూడండి: ఎనర్జీ 1,251, ఫిక్స్‌డ్ 30, కస్టమర్ 100, డ్యూటీ 13.80. మొత్తం 1,394.80. మీ బిల్లు కూడా ఇలాగే వేసి, రూపాయి అటూ ఇటూ వస్తే సరే. పదులు తేడా వస్తే ఏ లైన్లో వచ్చిందో పట్టుకోండి.

5. మీటరు సరిగ్గా తిరుగుతోందా?

మీటరు ముందు వైపు ఎర్రగా మిణుకుమనే చిన్న ఎల్ఈడీ ఉంటుంది. దాని పక్కన 3200 ఇంపల్స్ అనో, 1600 అనో రాసి ఉంటుంది. 3200 అంటే అన్నిసార్లు వెలిగితే ఒక యూనిట్ అయినట్టు. మీ మీటరుది 3200 అయితే నిమిషానికి ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టి 18.75తో గుణించండి. ఆ క్షణాన ఇల్లంతా కలిపి ఎన్ని వాట్లు లాగుతోందో వస్తుంది.

ఇంట్లో అన్నీ ఆపి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసి, వెయ్యి వాట్ల ఐరన్ బాక్సు ఒక్కటే పెట్టండి. నిమిషానికి 53 సార్లు వెలగాలి. ఐరన్ బాక్సు ఎర్ర లైటు ఆరితే కరెంటు లాగడం ఆగుతుంది కాబట్టి, అది వేడెక్కుతున్నంత సేపే లెక్కపెట్టాలి. 50, 55 వస్తే చింత లేదు, వోల్టేజీని బట్టి అంత తేడా ఉంటుంది. 70, 80 వస్తే అనుమానించాలి.

తర్వాత ఐరన్ బాక్సూ తీసేయండి. ఇన్వర్టర్ సహా అన్నీ ఆపాక ఎల్ఈడీ అసలు వెలగకూడదు. వెలుగుతుంటే మెయిన్ స్విచ్ కట్టేయండి. అప్పుడూ వెలిగితే మీటరు, దాని వైర్ల సంగతి చూడమని డిస్కంకు చెప్పాలి. ఆగిపోతే ఇంట్లోనే ఎక్కడో లీకేజీ ఉంది, లేదా మీ లైన్ మీద ఇంకెవరిదో కనెక్షన్ ఉంది. అపార్టుమెంట్లలో మెట్ల లైటో, మోటరో ఒకరి మీటరుకు కలిసి ఉండటం కొత్త సంగతేమీ కాదు. ‘ఈఎల్’ అన్న లైటు ఎప్పుడూ వెలుగుతుంటే న్యూట్రల్, ఎర్త్ ఎక్కడో కలిశాయని గుర్తు. లీకేజీ బిల్లుకన్నా ముందు ప్రాణానికి ప్రమాదం. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి, మీరు తీగలు ముట్టుకోవద్దు.

6. యూనిట్లు ఎక్కడికి పోతున్నాయి?

వాట్లను గంటలతో గుణించి వెయ్యితో భాగిస్తే యూనిట్లు. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటు లాగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర. మూడు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగితే పాతవి నెలకు 81 యూనిట్లు, బీఎల్‌డీసీవి 33 లోపు. 48 యూనిట్ల తేడా. 230 కాల్చే తెలంగాణ ఇంటికి ఇదొక్కటే చాలు, 200 కిందికి దిగిపోవడానికి. ఎల్ఈడీ బల్బులు ఆపుతూ పిల్లల మీద అరిచేకన్నా ఇది మేలు. తొమ్మిది వాట్ల బల్బు రాత్రంతా మరిచిపోయినా పదో వంతు యూనిట్ కాలదు.

రెండు వేల వాట్ల గీజరు అరగంట నడిస్తే ఒక యూనిట్. ఒక హెచ్‌పీ మోటరు గంటకు దాదాపు ఒక యూనిట్. ఓవర్‌హెడ్ ట్యాంకు నిండి పొర్లుతుంటే పోయేది నీళ్లొక్కటే కాదు.

ఏసీ సంగతి లేబులు మీదే ఉంది. బీఈఈ (కేంద్ర ఇంధన పొదుపు సంస్థ) స్టార్ లేబులు మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని రాసేది 1,600 గంటల వాడకానికి. ఆ అంకెను 1,600తో భాగించండి. 800 అని ఉంటే గంటకు అర యూనిట్. రాత్రికి ఎనిమిది గంటలు వేస్తే నెలకు 120 యూనిట్లు. మే నెల వడగాడ్పుల్లో, పైకప్పు ఎండకు కాలే గదిలో ఇంకాస్త ఎక్కువే లాగుతుంది. ఇక ఖర్చు: మామూలుగా 150 కాల్చే హైదరాబాద్ ఇంటికి ఏసీ వల్ల 270 అయితే బిల్లు దాదాపు 1,000 రూపాయలు పెరుగుతుంది. ‘యూనిట్ ఐదు రూపాయలు కదా, 600 అవుతుంది’ అన్న అంచనా ఎందుకు తప్పుతుందో ఇప్పుడు తెలిసింది కదా. ఏసీ కొనేటప్పుడు త్రీస్టార్, ఫైవ్‌స్టార్ మధ్య ధర తేడాను మీ ఆఖరి స్లాబు రేటుతో లెక్క కట్టాలి, సగటు రేటుతో కాదు.

రూఫ్‌టాప్ సోలార్‌కూ ఇదే సూత్రం. ఒక కిలోవాట్ ప్యానెళ్లు నెలకు సుమారు 120 యూనిట్లు ఇస్తాయి. నెట్ మీటరింగులో, అంటే వాడిన యూనిట్లలోంచి సోలార్ యూనిట్లు తీసేసి బిల్లు వేసే పద్ధతిలో, అవి మీ వాడకంలో పైనుంచి, అంటే అన్నిటికన్నా ఖరీదైన యూనిట్ల నుంచి తగ్గుతాయి. పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 చొప్పున, మూడు కిలోవాట్లకు, ఆ పైన ఎంతకైనా మొత్తం 78,000 రూపాయల కేంద్ర సబ్సిడీ ఉంది. 400 కాల్చే ఇంటికి ఇది కిట్టుబాటు అవుతుంది. 90 కాల్చే ఇంటికి ఎవరైనా అమ్మచూపితే ఒకటికి రెండుసార్లు లెక్క వేసుకోండి.

7. నెల మధ్యలో ఒకసారి మీటరు చూడండి

రీడింగు తీసిన రోజు అంకె బిల్లులో ఉంటుంది. 15వ రోజున మీటరు చూసి తేడా తీసి రెట్టింపు చేయండి. 108 వస్తే నెలకు 216 అవుతుంది. మిగిలిన పదిహేను రోజుల్లో 16 యూనిట్లు తగ్గించాలి, అంటే రోజుకు ఒకటికి కాస్త పైన. ఏసీ రెండు గంటలు ముందే కట్టేసినా, గీజరు సమయం తగ్గించినా సరిపోతుంది. 25వ రోజున చూసుకుంటే చేయగలిగేది ఏమీ ఉండదు. ఏపీలో ఉన్నవారికి ఇంత కాపలా అవసరం లేదు, 225 దాటాక యూనిట్‌కు 2.75 పెరుగుతుందని గుర్తుంటే చాలు.

8. తేడా వస్తే ఎవరిని అడగాలి?

మొదట 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. బిల్లు లెక్కలో తేడా అయితే ఈఆర్వో, మీటరు సంగతైతే సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఆఫీసు. మీటరు వేగంగా తిరుగుతోందని గట్టి అనుమానం ఉంటే ఫీజు కట్టి టెస్టింగు కోరవచ్చు. నోటి మాటతో ఆగకుండా బిల్లు ఫొటో, మీటరు ఫొటో, మీ లెక్క కాగితం జతచేసి అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. ‘బిల్లు ఎక్కువొచ్చింది సార్’ అంటే ‘వాడుంటారు’ అన్న జవాబే వస్తుంది. ‘35 రోజులకు రీడింగు తీశారు, రోజుకు 6 యూనిట్ల చొప్పున 30 రోజులకు 180 మాత్రమే అవుతుంది’ అంటే కంప్యూటర్లో తెరిచి చూస్తారు.

అక్కడా తేలకపోతే ప్రతి డిస్కంకూ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, సీజీఆర్ఎఫ్ అంటారు. లాయరు అక్కర్లేదు, తెల్ల కాగితం మీద తెలుగులో రాసిచ్చినా తీసుకుంటారు. దాని తీర్పు నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు.

ఇక రేటు మీదే అభ్యంతరం ఉంటే ఈ ఆఫీసులేవీ ఏమీ చేయలేవు. రేట్లు వేసేది డిస్కం కాదు, విద్యుత్ నియంత్రణ మండలి, అంటే పైన చెప్పిన కమిషన్: ఏపీలో ఏపీఈఆర్సీ, తెలంగాణలో టీజీఈఆర్సీ. మామూలుగా నవంబరు నెలాఖరుకు డిస్కంలు వచ్చే ఏటి ఖర్చుల అంచనా దాఖలు చేస్తాయి. అందులో సింహభాగం కరెంటు కొనుగోలుదే. తర్వాత బహిరంగ విచారణలు జరుగుతాయి. అభ్యంతరాలకు గడువు, పంపాల్సిన చిరునామా పత్రికల్లో ప్రకటిస్తారు. పేరు, సర్వీసు నంబరు, ఏ చార్జీ మీద అభ్యంతరమో రాసి మండలికి ఒకటి, డిస్కంకు ఒక నకలు పంపితే, విచారణ రోజున మాట్లాడటానికి పేరు పిలుస్తారు. పరిశ్రమల సంఘాలవాళ్లు ఏటా వస్తారు. ఇళ్ల వినియోగదారుల కుర్చీలే ఎక్కువగా ఖాళీగా ఉంటాయి.